కట్టియక్కారన్ మాట

మైకు ముందు ఒంటరిగా నిలబడి నవ్వించేవారికి ఆశువుగా మాటలల్లే అభ్యాసం నేడు తరగతులు పెట్టి నేర్పుతున్నారు. తిరుత్తణి వైపు ఈ విద్య కొత్తది కాదు.

1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలో ఉన్న ఆ తాలూకా నేడు తిరువళ్లూరు జిల్లాలో ఉంది. హద్దు మారినా ద్రౌపదమ్మ తిరునాళ్లలో భారతం ఆడే ఆచారం రెండు వైపులా ఉన్నదే; అటు తెరుక్కూత్తు, ఇటు వీధినాటకం.

కూత్తులో ముందుగా వచ్చేవాడు కట్టియక్కారన్. రాజు తెర వెనుక ఉండగానే ‘తమరెవరు?’ అని నిలదీస్తాడు. అతడే భటుడు, అతడే ప్రేక్షకుల నోరు. పాటకు ప్రతి ఉంది, ఈ సంభాషణకు లేదు. దుర్యోధనుడి కొలువులోకి ఆ ఊరి నీటి ఎద్దడినైనా లాగవచ్చు. అయితే ఎంత దూరం పోయినా మళ్లీ కథలోకి తిరిగి రావాలి. కథంతా తెలియనివాడు ఈ వేషం కట్టలేడు. వెనుక నిలబడి వంత పాడిన రాత్రులే వీరికి బడి. మన కేతిగాడు కూడా ఈ కోవవాడే.

సాహిత్య చరిత్రలు ప్రతులను నమ్ముకున్నాయి. అందువల్ల పాటలు మిగిలాయి, నవ్వించిన మాటలు ఆ రాత్రితోనే పోయాయి. మనకిది చిన్న నష్టం కాదు. ఇంట తెలుగు, బడిలో తమిళం విన్న విద్యార్థులకు ఆ మాటల్లోని మెలిక ఇట్టే పట్టుబడుతుంది. తిరునాళ్లలో రికార్డు చేసేటప్పుడు, పాట అయిపోగానే యంత్రం ఆపవద్దని మా మనవి.