రోగి పరిచయమే తొలి పాఠం

1835లో మద్రాసులో వైద్య పాఠశాల వెలసినప్పుడు చదువు, ఆస్పత్రి పని జంటగా సాగేవి. మన సీమలో 19వ శతాబ్ది చివర జమ్మలమడుగులో లండన్ మిషన్ వైద్యసేవ మొదలైంది. 1956లో కర్నూలుకు, 2006లో కడపకు వైద్య కళాశాలలు వచ్చాయి. ప్రవేశానికి మాత్రం మార్కులే కొలమానమయ్యాయి. నేటి నీట్‌లోనూ భౌతిక, రసాయన, జీవశాస్త్రాలే తప్ప రోగి లేడు. అమెరికాలోనైతే, రోగుల మధ్య ఎంతకాలం గడిపావని దరఖాస్తులోనే అడుగుతారు.

వైద్యుడు సమాజాన్ని ఎరిగి ఉండాలని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది. అందుకై విద్యార్థులకు మూడు నెలల శిక్షణను సూచించింది.

అయితే అనుభవమంటే ఏమిటి? అర్హత లేకుండా సూది వేయడం అనుభవం కాదు, అపాయం. ఎర్రగుంట్ల విద్యార్థికి నాపరాయి గనులు చేరువలోనే ఉన్నాయి. దుమ్ములో పనిచేసే కూలీకి దగ్గు ఎన్నాళ్లుగా ఉందో, పని మానితే ఇల్లు ఎలా గడుస్తుందో ఓపికగా వినడం, విన్నది గోప్యంగా ఉంచడం అసలైన అనుభవం. దానికి మార్కులు లేవు. కానీ అది కొరవడిన వైద్యునికి వ్యాధి కనిపిస్తుంది, మనిషి కనిపించడు.