మిస్సింగ్ పట్టే పద్ధతి: మోడల్ టి నుంచి ఓబీడీ దాకా

పెట్రోలు ఇంజనులో ఒక సిలిండరులోకి చేరిన గాలి, పెట్రోలు మిశ్రమం తన వంతు వచ్చినా మండకపోతే అది మిస్‌ఫైర్. మెకానిక్ షెడ్లలో దీన్నే మిస్సింగ్ అంటారు. బండి కుదుపుతుంది, ఎత్తు మీద లాగదు, సైలెన్సరు శబ్దం తాళం తప్పుతుంది. దీనికి మూలం మూడింటిలో ఒకటై ఉంటుంది: నిప్పురవ్వ సరిగా పడకపోవడం, గాలికీ పెట్రోలుకీ పాళ్లు కుదరకపోవడం, సిలిండరులో కంప్రెషన్ నిలవకపోవడం. నూరేళ్లు దాటినా ఈ మూడూ మారలేదు. లోపం ఏ సిలిండరులో ఉందో తేల్చే పద్ధతి మాత్రం చాలా దూరం వెళ్లి, చిత్రంగా మొదలైన చోటికే చేరింది.

1908లో అమెరికాలో ఫోర్డ్ సంస్థ తెచ్చిన మోడల్ టి కారులో నాలుగు సిలిండర్లకు నిప్పురవ్వ పుట్టించే కాయిళ్లు నాలుగు ఉండేవి. ఒక్కొక్కటి ఒక్కో చిన్న చెక్కపెట్టెలో, డ్రైవరుకు చేయి అందే చోటే అమర్చి ఉండేది. పెట్టె పైన ఒక సన్నని లోహపు రేకు ఉండేది. ఆ సిలిండరు వంతు రాగానే అది జుమ్మని కొట్టుకునేది. 1927 వరకు కోటీ యాభై లక్షలకు పైగా తయారైన ఆ కార్లను కొన్నవారిలో రైతులు చాలామంది. మెకానిక్ ఎక్కడో దూరాన ఉండేవాడు గనుక మరమ్మతు యజమానికి తెలిసి ఉండాలన్నది ఫోర్డ్ ఉద్దేశం. కారుతో వచ్చే పుస్తకం ప్రశ్నలు, జవాబుల రూపంలో ఆ పని నేర్పేది. ఇంజను నడుస్తుండగా రెండు రేకులను వేళ్లతో నొక్కిపట్టాలి. మిగిలిన రెండు సిలిండర్లు సమంగా నడిస్తే లోపం నొక్కిన వాటిలో ఉన్నట్టు. ఇలా ఒక్కొక్కటీ విడదీసుకుంటూ పోతే దొంగ సిలిండరు దొరికేది. తర్వాత దాని కాయిల్‌ను పక్కదానితో మార్చేవారు. లోపం కాయిల్‌తోపాటు కదిలితే తప్పు కాయిల్‌ది, కదలకపోతే ప్లగ్గుదో తీగదో. యంత్రాల చదువు లేని మనిషి చేతికి ఇంత పక్కా తర్కాన్ని అందించడం ఆ పుస్తకం చేసిన పెద్ద మేలు.

ఈలోగా ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీతో నడిచే కొత్త ఇగ్నిషన్ రూపొందించాడు. 1910 నాటికి అది కాడిలాక్ కార్లలోకి చేరింది. కాలక్రమంలో ఒకే కాయిల్, దాని కరెంటును తెంచే ఒక జత పాయింట్లు, ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు లోకమంతటా స్థిరపడ్డాయి. మార్చి చూడడానికి రెండో కాయిల్ లేదు గనుక పరీక్ష ప్లగ్గు వైర్ల మీదికి మళ్లింది.

భారతదేశంలో సొంత చేతి మరమ్మతుకు పట్టుకొమ్మ ఈ ఏర్పాటే. 1957లో హిందుస్థాన్ మోటార్స్ మొదలుపెట్టిన అంబాసిడరు, బొంబాయిలో తయారైన ఫియట్ (తర్వాతి పేరు ప్రీమియర్ పద్మిని) దీని మీదే నడిచాయి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా డిస్ట్రిబ్యూటరు, కార్బురేటరు ఉన్న బండే. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా పీకి చూసేవారు. వైరు పీకగానే ఇంజను ఇంకా కుంటితే ఆ సిలిండరు బాగున్నట్టు. పీకినా తేడా రాకపోతే మిస్సింగ్ అక్కడే. షాకు కొట్టే ప్రమాదం ఉన్న పని ఇది. అందుకే పొడిగుడ్డో రబ్బరు తొడుగున్న పటకారో వాడేవారు.

తర్వాత ప్లగ్గు విప్పి రంగు చూడడం. లేత గోధుమరంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు పాలు ఎక్కువైనట్టు. నూనె తడి కనిపిస్తే రింగులో వాల్వ్ సీళ్లో అరిగినట్టు. సీసం కలిసిన పెట్రోలు రోజుల్లో ప్లగ్గు మీద పొరలు కట్టేవి, తీగబ్రష్‌తో గీకక తప్పేది కాదు. పాయింట్లు కాలి గుంటలు పడితే గరుకు కాగితంతో రుద్ది, ఫీలర్ గేజితో సందు సరిచేసేవారు. అంబాసిడరుకు ఆ సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు. పాయింట్లు మళ్లీ మళ్లీ కాలుతుంటే అనుభవజ్ఞులు కండెన్సరును అనుమానించేవారు. వానాకాలంలో డిస్ట్రిబ్యూటరు మూతలో చెమ్మ చేరి కరెంటు దారి తప్పేది. మూత లోపల పొడిగుడ్డతో తుడవడంతోనే బండి దారికొచ్చేది.

కాలుష్యం మీద చట్టాలు బిగిశాక ఈ పద్ధతికి కాలం చెల్లింది. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది. 2000లో సీసం పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది. కార్బురేటరు పోయి, ప్రతి సిలిండరుకూ విడి ఇంజెక్టరుతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చింది. వైరు పీకితే మండని పెట్రోలు కన్వర్టరులోకి వెళ్లి అక్కడ మండుతుంది. ఆ వేడికి కన్వర్టరు లోపలి భాగం కరిగిపోవచ్చు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కూడా దెబ్బతినవచ్చు. యజమాని చేయి కొన్నేళ్లపాటు బానెట్ దగ్గరే ఆగిపోయింది.

తిరిగి దారి తెరిచింది కూడా అలాంటి చట్టాలే. కాలిఫోర్నియాలో పుట్టి, 1996 నుంచి అమెరికా కార్లన్నిటికీ వర్తించిన ఓబీడీ-2 (ఆన్-బోర్డ్ డయాగ్నొస్టిక్స్) నిబంధన మిస్‌ఫైర్‌ను బండే కనిపెట్టాలంది. ప్రతి మంటకూ క్రాంక్‌షాఫ్ట్ వేగం రవ్వంత పెరుగుతుంది. ఏ సిలిండరు వంతులో పెరగలేదో సెన్సరు గమనిస్తుంది. కోడ్ పీ0301 అయితే లోపం ఒకటో సిలిండరులో, పీ0303 అయితే మూడోదానిలో, పీ0300 అయితే ఒకచోట నిలవని మిస్సింగ్. చెక్ ఇంజన్ దీపం మిణుకుతుంటే కన్వర్టరుకు ముప్పు ఉందని అర్థం, బండి ఆపడం మంచిది. భారతదేశంలో ఓబీడీ-2 2013లో అమల్లోకి వచ్చింది. స్టీరింగు కింది పోర్టుకు చిన్న పరికరం తగిలిస్తే ఈ కోడ్ ఫోనులో కనిపిస్తుంది.

కోడ్ సిలిండరు పేరే చెబుతుంది, కారణం చెప్పదు. చాలా కార్లలో ఇప్పుడు ప్రతి ప్లగ్గు మీదా సొంత కాయిల్ ఉంటుంది, అచ్చం మోడల్ టిలో లాగే సిలిండరుకొకటి. పీ0301 వచ్చిందనుకుందాం. ఇంజను ఆపి, ఒకటో కాయిల్‌ను మూడోదానితో మార్చి, కోడ్ తుడిచి నడిపినప్పుడు పీ0303 వస్తే తప్పు కాయిల్‌ది. పీ0301 అలాగే ఉంటే ప్లగ్గులు మార్చి చూడాలి, ఆపైన ఇంజెక్టరు. సీఎన్‌జీ బండిలో ఇంకొక సులువుంది. సీఎన్‌జీని మండించడానికి ఎక్కువ ఓల్టేజి కావాలి గనుక అరిగిన ప్లగ్గు ముందు దాని మీదే తడబడుతుంది. పెట్రోలు మీద నున్నగా నడిచే బండి సీఎన్‌జీ మీద కుదిపితే మొదట ప్లగ్గులూ కాయిళ్లూ చూడాలి. అన్నీ మార్చినా కోడ్ అదే సిలిండరును చూపిస్తే కంప్రెషన్ గేజి తగిలించాలి. అక్కడ రీడింగు పడిపోతే వాల్వో రింగో పోయినట్టు, హెడ్ విప్పే పని షెడ్డుది.