మూసీ ఒడ్డున ఆగలేని బండ్లు

1578లో పారిస్‌లో మూడో హెన్రీ రాజు సెన్ నది మీద పోన్ నెఫ్ అనే రాతి వంతెనకు పునాదిరాయి వేశాడు. మతయుద్ధాల నడుమ పని ఆగుతూ సాగుతూ 1607కి గానీ అది పూర్తి కాలేదు. అదే 1578లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా మూసీ మీద తన వంతెనను పూర్తి చేయించాడు. మనం పురానాపూల్ అంటున్నది దాన్నే. తర్వాతి శతాబ్దంలో అటు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, అందంలో అది పారిస్ వంతెనకు పెద్దగా తీసిపోదని రాశాడు. ఆ మెచ్చుకోలును మనవాళ్ళు తరచూ చెప్పుకుంటారు. ఆ వంతెన మీద నడిచేదెవరో కూడా ఆయనే రాశాడు, దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఊరికి ఇవతల పెద్ద పేట ఉందట. వర్తకులు, దళారులు, చేతిపనివాళ్ళు అక్కడే కాపురం. పది పదకొండు గంటలకు ఊళ్ళోకి వచ్చి పరదేశి వర్తకులతో బేరాలాడి, సాయంత్రం నాలుగైదింటికి మళ్ళీ ఇళ్ళకు పోయేవారట. పురానాపూల్ వ్యాపారం కట్టించిన వంతెన అనడానికి ఈ నాలుగు ముక్కలే మంచి ఆధారం.

జనంలో ఉన్న కథ వేరు. యువరాజు మహమ్మద్ కులీ ప్రియురాలు భాగమతి కోసం పొంగుతున్న మూసీలోకి గుర్రాన్ని దూకించాడనీ, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వంతెన కట్టించాడనీ అంటారు. కథ బాగానే ఉంది, లెక్కే కుదరదు. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వంతెన పూర్తయ్యేనాటికి అతనికి పన్నెండు, పదమూడేళ్ళు, పని మొదలైనప్పుడు ఇంకా చిన్నవాడు. భాగమతి అసలు ఉందా లేదా అన్నది వేరే తగువు. ఆ కాలపు చరిత్రకారుడు ఫెరిష్తా ఆమెను గురించి రాశాడు, హరూన్ ఖాన్ షేర్వాణీ వంటి చరిత్రకారులు నమ్మలేదు. ఆమె ఉందనే ఒప్పుకున్నా ఈ వంతెన ఆమెకోసం కట్టింది కాదు. కొలతలు చూసినా అంతే. ఇరవై రెండు కమానులు, సుమారు 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. ఒక గుర్రపురౌతు దాటడానికి ముప్పై అయిదు అడుగులు ఎందుకు? ఎదురెదురుగా వచ్చే ఎడ్లబండ్లు తప్పుకుని, పక్కన గాడిదలూ మనుషులూ పోయే వెడల్పు అది.

ఆ బండ్లు ఎక్కడికి పోయేవి? గోల్కొండ రాజ్యానికి సముద్రం మీద వాకిలి మచిలీపట్నం. అద్దకం బట్టలు అక్కడే ఓడ ఎక్కేవి, బయటి సరుకు అక్కడే దిగేది. కోట నుంచి ఆ రేవుకు పోవాలంటే మూసీ దాటాలి. ఓడలు గాలివాటాన్ని బట్టి కదులుతాయి గానీ బండి కోసం ఆగవు. వానాకాలంలో మూసీ ఒడ్డున నిలిచిపోయిన బండి ఒక్కోసారి ఏడాది బేరాన్నే పోగొట్టుకోవచ్చు. వంతెన అయిన పదమూడేళ్ళకు, 1591లో, అవతలి ఒడ్డున హైదరాబాదు వెలిసింది. కొత్త ఊరికి నేల అక్కడ దొరకడానికి దారి ముందే పడి ఉండటం ఒక కారణమని నా అభిప్రాయం.

సైన్యం కోసమూ కట్టి ఉండవచ్చు కదా అంటే, కాదనను. ఫిరంగులు పోవాలన్నా గట్టి దారే కావాలి. అంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. మూసీ ఏడాదిలో చాలా నెలలు మోకాలిలోతు నది, దానికోసం ఇంత రాయీ సున్నమూ ఎందుకని. దానికి నదే జవాబు చెప్పింది. 1820 వరదకు వంతెన దెబ్బతింటే నిజాం సికందర్ జా బాగుచేయించాడు. 1908 సెప్టెంబరు 28న ఊరిని ముంచేసిన వరదలో దిగువనున్న వంతెనలు కొట్టుకుపోయాయి, పురానాపూల్ నిలిచింది. నదీగర్భం నుంచి 54 అడుగుల ఎత్తున కట్టినవాళ్ళు వేసవి మూసీని చూసి కట్టలేదు.

మరి తిరుపతి దగ్గరి మా పుత్తూరు వైపు అలాంటిది ఒక్కటీ ఎందుకు లేదు? రాయి లేకనా? చుట్టూ ఉన్నవి కొండలే. పనివాళ్ళు లేకనా? ఇక్కడి గుడులూ గోపురాలూ చూసినవాళ్ళు ఆ మాట అనలేరు. కమాను తెలియకనా? చంద్రగిరి రాజమహలు నిండా కమానులే. లేనిది తొందర. అరుణానది గానీ స్వర్ణముఖి గానీ ఎక్కువ కాలం ఇసుకే. జనం చెలమలు తోడుకుంటూ నడిచి దాటేవాళ్ళు. ఏరొస్తే ఒడ్డున చెట్టుకింద కూర్చుని, తగ్గాక దాటేవాళ్ళు. తిరుమలకు పోయే యాత్రికుడు ఒకరోజు ఆలస్యమైతే మొక్కు చెడదు. అందుకే ఇక్కడి రాయి గుడికీ చెరువు తూముకూ పోయింది. యాత్రికులూ జనమేగా, వాళ్ళు మునిగినా ఫరవాలేదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ పాలకులు ఖర్చు పెట్టింది ఎక్కువగా తమకు రాబడి ఆగే చోటే. ఇబ్రహీం దీనికి మినహాయింపు కాదు. తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడిన రసికుడే, అయినా మూసీ దగ్గర అతను లెక్క చూసే పని చేసి ఉంటాడు.

మా వైపు ఏరు తగ్గేదాకా కూర్చోలేని మొదటి బండి రైలు. మద్రాసు రైల్వే అరక్కోణం నుంచి పుత్తూరు మీదుగా 1862లో రేణిగుంట చేరింది, 1871కి రాయచూరులో బొంబాయి దారితో కలిసింది. మద్రాసు బొంబాయిల మధ్య సరుకు, టపా పోవాల్సిన దారి కాబట్టి అంతవరకూ ఇసుకలో నడిచి దాటిన వాగులన్నిటి మీదా వంతెనలు వేశారు.