మరియమ్మ పిడికిలి

మా యింటి భోషాణములో పిడికిలియంత యెండుమొక్క యొకటి చిరకాలమునుండి యున్నది. చూచుటకది బూడిదరంగు పుల్లలచుట్టవలె నుండును. నీటిలో నుంచినచో కొన్ని గంటలలో వ్రేళ్లు చాచిన చేతివలె విచ్చుకొనును. నీటినుండి తీసి యారబెట్టినచో మరల ముడుచుకొనును. మా తాతగారి కాలమున, రేపల్లెకు చేరువనున్న మా పల్లెలో, పొరుగింటి ముస్లిము గృహస్థు మక్కాయాత్ర చేసి వచ్చుచు దీనిని తెచ్చెనట. వారు దీనిని మరియం పంజా యనెడివారు. మన యాడువారు మరియమ్మ పిడికిలి యనిరి. ఊరిలో నెవరింట కానుపు వచ్చినను, కులమతముల యెన్నిక లేక, ఆ పిడికిలి యా యింటికి పోయెడిది.

మా నాయనమ్మ తొలికానుపునాడును అట్లే వచ్చినది. నొప్పులు మొదలైన సాయంకాలమున ఇత్తడిగిన్నెలో నీరు పోసి, అందు పిడికిలి నుంచి, ఆమె కన్నుల కెదురుగా పెట్టిరి. పూవు విచ్చినకొలది గర్భము విచ్చుననియు, అది పూర్తిగా విచ్చునప్పటికి బిడ్డ భూమిమీద పడుననియు వారి నమ్మకము. అర్ధరాత్రమునకు ముందే యది చక్కగా విచ్చినది. ఆడువారు సంతోషించిరి. పూవు విచ్చినది గనుక ఇక భయము లేదని మంత్రసాని గడపకడ కూర్చుండి తాంబూలము వేసికొన్నదట. తెల్లవారినను బిడ్డ కదలలేదు. ప్రొద్దెక్కిన తరువాత బండి కట్టి రేపల్లెకును, అచ్చటినుండి రైలులో తెనాలికిని తీసికొనిపోయిరి. తల్లి బ్రదికెను, బిడ్డ బ్రదుకలేదు. పొరుగింటి యిల్లాలు తరువాత చూడవచ్చి కంటనీరు పెట్టుకొన్నది గాని, ఆ పిడికిలిని మరల తీసికొనిపోలేదు. అది మా భోషాణములో చేరిన విధమిది. “పూవు నాతో అబద్ధమాడినది” అని మా నాయనమ్మ ముదిమిలో గూడ అనుచుండెడిది.

పూవు నిజముగా అబద్ధమాడినదా? ఈ ప్రశ్న మమ్ము విడువక, దాని చరిత్రను కొంత వెదకితిమి. తెలిసినంతవరకు చదువరులకు నివేదించుచున్నాము.

ఈ మొక్కకు 1753లో స్వీడనుదేశపు వృక్షశాస్త్రజ్ఞుడగు లిన్నేయసు అనస్టాటికా హైరోకుంటికా యని పేరు పెట్టెను. మొదటిమాట పునరుత్థానమను నర్థముగల గ్రీకుపదమునుండి పుట్టినది. రెండవది జెరికోపట్టణమును తెలుపును. ఐరోపావారు దీనిని జెరికో గులాబి యందురు గాని, గులాబికిని దీనికిని బంధుత్వమేమియు లేదు. ఇది మన పోపులపెట్టెలోని ఆవాల కుటుంబమునకు చెందినది. సహారా యెడారినుండి అరేబియా, ఇరానుల మీదుగా పాకిస్తానువరకు ఎడారినేలలలో మొలచును. జానెడెత్తైనను పెరుగదు. వాన పడినప్పుడు మొలచి, చిన్న తెల్లపూలు పూచి, కాయలు కాచి, కొలదికాలములోనే చచ్చును. చచ్చిన పిదప ఆకులు రాలును. కొమ్మలు లోపలికి ముడుచుకొని, విత్తులుగల కాయలను గుప్పిట బట్టుకొనును. అది గాలికి దొరలుచు దేశములు తిరుగునని పలువురు వ్రాసిరి. కాని సాధారణముగా వ్రేళ్లతో పుట్టినచోటనే నిలిచియుండునని తరువాతి పరిశీలకులు కనుగొనిరి. అట్లు ఏండ్ల కొలది వేచియుండి, వాన తగులగానే విచ్చును. చినుకులు కాయలను కొట్టి విత్తులను చిమ్మును. తడిసిన విత్తులు త్వరలోనే మొలకెత్తును.

ఇందు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. విచ్చునది చచ్చిన మొక్క. దాని పుల్లలు నీటిని పీల్చి యుబ్బుటయు, ఆరి కుదించుకొనుటయు తప్ప ఆ కదలికలో ప్రాణము లేదు. వర్షకాలమున మన తలుపుచెక్క యుబ్బి ద్వారబంధమును పట్టుకొనుట యెట్టిదో, ఇదియు నట్టిదే. తలుపు బ్రదికినదని యెవ్వరైన ననుకొందురా? ఇచ్చట పునరుత్థానము కలదనవచ్చును. కాని యది తల్లికొమ్మలో లేదు, విత్తులో నున్నది.

ఐనను ఇంతటి వింతను చూచిన మనుష్యుడు ఊరకుండలేదు. మధ్యయుగములలో పాలస్తీనాకు పోయిన క్రైస్తవయాత్రికులు దీనిని ఐరోపాకు తెచ్చి, క్రీస్తు పునరుత్థానమునకు గుర్తుగా నుంచుకొనిరి. మరియమ్మ శిశువుతో ఈజిప్టునకు పారిపోవుచు విశ్రమించిన చోటులందెల్ల ఇది మొలచెనని యొక కథ పుట్టినది. ముస్లిములకును మరియమ్మ పూజ్యురాలు. ఖురానులో 19వ అధ్యాయము ఆమె పేరనే యున్నది. ఆమె ఖర్జూరవృక్షముకడ ప్రసవవేదన పడుట అందు చెప్పబడినది గాని, ఈ పూవు ప్రసక్తి లేదు. మక్కాయాత్రికుల మూటలలో నిది హిందూదేశమునకు వచ్చినది. భయము గల చోట ఆశకు గుర్తు వెదకుట మనుష్యస్వభావము. నొప్పులు పడుచున్న స్త్రీకి ఒంటరిగా లేనను ధైర్యము నా గిన్నెలోని పూవు కలిగించినచో, మేము దానిని పరిహసింపము. మూడు మతములవారి యాడువా రొక పూవును చేబదులిచ్చుకొన్న స్నేహము గూడ పరిహసింపదగినది కాదు. దోషము గుర్తును ప్రమాణముగా గైకొనుటలో నున్నది.

బాపట్లలో మేము పాఠములు చెప్పుచుండగా నొకనాడు ఆ పిడికిలిని తరగతికి గొనిపోయి గోరువెచ్చని నీటిలో నుంచితిమి. అది యారిన కొన్ని దినములకు మరల కుండనీటిలో నుంచితిమి. వెచ్చనినీట త్వరగా విచ్చినది, చల్లనినీట ఆలసించినది. ఆ రెండు దినములును తరగతిలో ప్రసవించు వారెవ్వరును లేరు. బాలురు నవ్విరి. ఒక బాలిక మాత్రము లేచి, “మాస్టారూ, నీళ్లలో వేసినా విచ్చకుండా ఎప్పుడైనా ఉంటుందా?” అని యడిగినది. ఉండదంటిమి. “అయితే అది ఏం చెప్పినట్లు?” అని యా పిల్ల మరల నడిగినది. మేము చదివిన తర్కశాస్త్రమంతయు నా ప్రశ్నలో నిమిడియున్నది. సాధ్యమున్నచోటను లేనిచోటను గూడ నుండు హేతువును మన తార్కికులు సవ్యభిచార మనిరి. దానివలన నేదియు సిద్ధింపదు. ఎప్పుడును కాదనలేని సాక్షి సాక్షియే కాదు. మా నాయనమ్మ గర్భమునుగూర్చి యా పూవు అబద్ధమును చెప్పలేదు, నిజమును చెప్పలేదు. గిన్నెలో నీరున్నదని మాత్రము చెప్పినది.

ఇది పరదేశపు మూఢత్వమనియు, మనకు సంజీవని యున్నదనియు తృప్తిపడువారు కలరు. ఆ మాటయు విచారింతము. వాల్మీకి రామాయణమున జాంబవంతుడు హనుమంతుని ఓషధిపర్వతమునకు పంపుచు చెప్పిన ఓషధులు నాలుగు: ఒకటి మృతులను లేపునది, ఒకటి నాటిన బాణములను పెరుకునది, ఒకటి మేనికాంతి నిచ్చునది, ఒకటి విరిగినదానిని కూర్చునది. ఒక్క మూలిక సర్వరోగములను మాన్పునని కవి యైనను అనలేదు. గాయమున కొక్కొక్క మందు చెప్పెను. నేడు సంజీవని యను పేర నమ్మబడు మొక్కలలో సెలాజినెల్లా బ్రయాప్టెరిసు ప్రసిద్ధమైనది. తెనాలిలో రహదారిప్రక్క మూలికలమ్మువానివద్ద మేము కొన్నదియు నిదియే. ఇది మన డెల్టా నల్లరేగడిలో పుట్టునది కాదు. వింధ్యపర్వతములందును తూర్పుకనుమలందును రాళ్లమీద పెరుగును. దీనికి పూవు లేదు, విత్తు లేదు. ఇది సిద్ధబీజములచే వ్యాపించును. వేసవిలో గోధుమరంగుగా ముడుచుకొని, నీరు తగిలిన కొన్ని గంటలలో విచ్చి పచ్చబడును.

ఈ మొక్క జెరికోపూవువంటిది కాదు. ఇది నిజముగా బ్రదుకును. ఇట్టి మొక్కల కణములు నీటిని దాదాపు పూర్తిగా కోల్పోయినను, చక్కెరలును కొన్ని మాంసకృత్తులును కణభాగములను పాడుగాకుండ కాపాడుచుండును. నీరు దొరకగానే ఆగిన పని మరల సాగును. 2009లో గణేశయ్య, వాసుదేవ, ఉమాశంకరులను శాస్త్రజ్ఞులు రామాయణోక్తమైన సంజీవని యేది కావచ్చునని కరెంటు సైన్సు పత్రికలో విచారించిరి. వారు గణించిన మొక్కలలో నిదియు నొకటి. విచారణ మంచిదే. కాని తన్ను తాను బ్రదికించుకొనుట యొక విద్య, ఇతరులను బ్రదికించుట వేరొక విద్య. మొదటిది కలదు గనుక రెండవదియు కలదనుట, పూవు విచ్చినది గనుక గర్భము విచ్చెననుటకు తోబుట్టువు.

అయినచో ప్రసూతిగృహమున నమ్మదగిన దేది? దానికిని చరిత్ర యున్నది. వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో సెమ్మెల్‌వైసు అను వైద్యుడు 1847లో, శవపరీక్షలు చేసి వచ్చు వైద్యులు క్లోరినుసున్నపు నీట చేతులు కడుగుకొనిన గాని గర్భిణులను ముట్టరాదని నియమము పెట్టెను. అంతకు పూర్వము 1846లో ఆ శాలలో నూటికి పదిమందికి మించి తల్లులు చనిపోగా, 1848లో నూటికి ఇద్దరికంటె తక్కువయైరి. మద్రాసులో 1844లోనే ప్రసూతి వైద్యశాల యేర్పడెను. మన గుంటూరునకు 1883లో వచ్చిన అమెరికా లూథరను మిషను వైద్యురాలు అన్నా సారా కుగ్లరు, 1898లో నచ్చట స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరపించి, 1930లో ఆ యూరనే కన్నుమూసెను. పురుషవైద్యుని ముఖము చూడని స్త్రీలకు ఆమె వంటివారు తెరచిన ద్వారమెంతటిదో నేటివా రూహింపలేరు. 2018–20 సంవత్సరముల గణనమున లక్ష సజీవజననములకు తల్లుల మరణములు దేశమందు 97 కాగా, ఆంధ్రప్రదేశమున 45. ఈ సంఖ్య ఏ పిడికిలి విచ్చుటచేతను తగ్గలేదు. కడిగిన చేతులచేతను, చదివిన దాదులచేతను, వేళకు చేరిన బండిచేతను తగ్గినది. మిగిలిన ఆ నలువదియైదుగురును మన యాడుబిడ్డలే యని మరువరాదు.

ఈ మొక్కలు నేడు కొందరి యిండ్లలో నున్నవి; అంగళ్లలోను దొరకుచున్నవి. కావున వానిని కాపాడు విధము గూడ చెప్పుదుము. జెరికోపూవునకు మన్ను, ఎరువు అక్కరలేదు. వెడల్పైన పళ్లెములో కొన్నిగంటలు నీట నుంచి, చూచి యానందించి, తీసి విదిలించి, నీడలో గాలికి పూర్తిగా నారనిచ్చి దాచవలెను. తడితో దాచినచో బూజు పట్టును. ఆ నీటిని మాత్రము గర్భిణులకు వైద్యుని యనుమతి లేక త్రాగింపరాదు. సంజీవని కట్లు గాదు. గులకరాళ్లు పరచిన పాత్రలో దాని నుంచి, వేళ్లు తడియునంత నీరు పోసి, ప్రతిదినమును మార్చవలెను. ఎండపొడ సూటిగా తగులరాదు. వారము దినములైన పిదప నీరు తీసివేసి, యెండి విశ్రమింపనియ్యవలెను. ఎడతెగని నీరు దానిని కుళ్లబెట్టును. సముద్రతీరపు టూళ్లలో బావినీరు ఉప్పగా నున్నచో వాననీరు పట్టి వాడుట మేలు. మెక్సికోదేశపు సెలాజినెల్లా లెపిడోఫిల్లా గూడ జెరికో గులాబి యను పేర నమ్మబడుచున్నది; దాని పోషణమును నిట్టిదే.

కొనువారి కొక హెచ్చరిక. చచ్చిన సెలాజినెల్లా గూడ నీటిలో విచ్చును. దానిలో ప్రాణమున్నదో లేదో తెలియుటకు విచ్చుట చాలదు, పచ్చబడవలెను.

మా వ్యాసమున చెప్పదలచినదంతయు నీ మాటలోనే యున్నది. మన యిండ్లలో తాతలనాటి యాచారములు పెక్కులు కలవు. పండుగపబ్బములకు కొంత నీరు చిలికినచో నవి విచ్చుకొని వ్రేళ్లు చాచును. వెంటనే సజీవములని మురియుదుము. వానివలన నింటిలో నెవరి బ్రదుకైనను పచ్చబడుచున్నదా యని విచారింపము. పచ్చబరచునవి కొన్ని నిజముగా కలవు. వానికి నీరు పోయుదము. తక్కినవానిని ద్వేషింప బనిలేదు, భోషాణములో దాచుకొనవచ్చును. మా యింట మరియమ్మ పిడికిలి నేటికిని భద్రముగా నున్నది. మా కోడలి కానుపునాడు ముచ్చటపడి పెద్దలు దానిని నీట నుంచిరి. కాని యా నీరు తొణకక ముందే 108 బండికి కబురు పోయినది. పూవు విచ్చువేళకు చూచుట కింట నెవ్వరును లేరు. అందరును ఆసుపత్రి వసారాలో, బిడ్డ యేడ్పు వినుచుండిరి.