సనద్‌కి తన్ఖా ఎంత? కంప్యూటర్ రిపేరు కొలువుల తారీఖ్

ఇంటర్ అయ్యాక ఆర్నెల్ల హార్డ్‌వేర్ కోర్సు. చేతికి ఒక సనద్. ఆ మర్నాటి నుంచే ఇంట్లో, మొహల్లాలో అందరిదీ ఒకటే సవాల్: "తన్ఖా ఎంతొస్తది?" అమ్మీ గాజులు కుదువబెట్టి ఫీజు కట్టిన ఖాందాన్‌లో ఈ సవాల్ చాలా బరువైంది. జవాబు కోసం పిల్లవాడు ఫోన్‌లో వెదికితే ఏడాదికి 60 వేల డాలర్లు అని కనిపిస్తుంది. రూపాయల్లోకి మార్చుకుంటే యాభై లక్షలు! ఇల్లంతా ఉమ్మీద్.

ఆ అంకె ఝూట్ కాదు. కంప్యూటర్ వాడేవాళ్లకు సాయం చేసే సపోర్ట్ ఉద్యోగుల గురించి అమెరికా సర్కార్ లేబర్ శాఖ 2024కు చెప్పిన లెక్క దాదాపు అంతే. కాకపోతే అది నడిమి తన్ఖా. సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. అందులో పదేళ్ల తజుర్బా ఉన్నవాళ్లూ ఉన్నారు. పైగా అది అమెరికా కిరాయిలు, అమెరికా ఖర్చుల మధ్య వచ్చే తన్ఖా. మన పిల్లవాడి మొదటి తన్ఖాకు, దానికి రిష్తా లేదు. మరి మన దగ్గర తన్ఖాను ఏది నిర్ణయిస్తుంది? దీనికి జవాబు సనద్‌లో లేదు, ఆ సనద్ తారీఖ్‌లో ఉంది.

సనద్ లేని జమానా

కంప్యూటర్ రిపేరు కొలువుకి హైదరాబాద్‌తో పాత తాల్లూఖ్ ఉంది. 1967లో ఇక్కడ ఈసీఐఎల్ మొదలైంది. దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ 12 ఆ సంస్థదే. 1975లో కేంద్ర సర్కార్ సీఎంసీని పెట్టింది. దాని అసలు పేరే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. అంటే రిపేరు కోసమే పుట్టిన సర్కారీ కంపెనీ. విదేశీ పెట్టుబడి ఖానూన్ దగ్గర పేచీ వచ్చి 1978లో ఐబీఎం మన దేశం వదిలి వెళ్లిపోయింది. అది వదిలేసిన మెషీన్ల ఆలనాపాలనా సీఎంసీ మీద పడింది.

అప్పట్లో ఒక్కో మెషీన్ గదంత ఉండేది. ధర లక్షల్లో. అది ఆగితే దఫ్తర్ మొత్తం ఆగిపోయేది. బాగుచేసే చేతులేమో బహుత్ కమ్. అందుకే ఆ ఇంజినీర్లకు ఇజ్జత్, సర్కారీ సంస్థ కొలువు, పక్కా తన్ఖా ఉండేవి. పైనుంచి ఏ పరీక్షా, ఏ సర్టిఫికెట్ పేరూ వాళ్లను ఎవరూ అడగలేదు. డిగ్రీయో డిప్లొమానో ఉంటే చాలు, మిగతాదంతా పనిలోనే నేర్చుకునేవారు.

దుకాన్‌దార్ల జరూరత్

1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ వచ్చింది. బజారులో దొరికే పార్టులతోనే దాన్ని కట్టారు. కాబట్టి ఇతర కంపెనీలూ అలాంటివే తయారుచేశాయి, ధరలు దిగాయి. 1984లో రాజీవ్ గాంధీ సర్కార్ కంప్యూటర్ దిగుమతుల షరతులు సడలించింది. ఆ తర్వాత అసెంబుల్డ్ సిస్టమ్‌ల జమానా వచ్చింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనందరి నోట్లో సీటీసీ, ఆ కారోబార్‌కి అడ్డా అయింది. అక్కడ నడిచింది ఉస్తాద్, షాగిర్ద్ రివాజే. పక్కన కూర్చో, చూడు, స్క్రూడ్రైవర్ పట్టు. తన్ఖా ఉస్తాద్ ఇష్టం, హునర్ నీది.

సరిగ్గా అదే కాలంలో అమెరికాలో కంప్యూటర్లు అమ్మే దుకాన్‌దార్లకు ఒక ముష్కిల్ వచ్చింది. ఒక్కో కంపెనీ తన మెషీన్ రిపేరుకు వేరే ట్రైనింగ్ ఇచ్చేది. ఒకే కుర్రాడిని నాలుగు చోట్లకు పంపి ఒకే పాఠం నాలుగుసార్లు నేర్పించాల్సి వచ్చేది. 1982లో డీలర్లు కలిసి పెట్టుకున్న సంఘమే తర్వాత కంప్‌టియా అయింది. 1993లో ఆ సంఘం అన్ని మెషీన్లకూ పనికొచ్చే ఒక ఉమ్మడి పరీక్ష తెచ్చింది. అదే ఎ ప్లస్. ఈ రోజుకీ సపోర్ట్ పనిలో మొదటి మెట్టుగా పేరున్న సనద్ ఇదే.

ఈ ఒక్క బాత్ యాద్ పెట్టుకోండి. ఎ ప్లస్ పుట్టింది పనివాడి తన్ఖా పెంచడానికి కాదు. మాలిక్‌కు ట్రైనింగ్ ఖర్చు తగ్గించడానికి, గిరాకీకి భరోసా ఇవ్వడానికి. 'ఇతనికి కనీసం ఇంత తెలుసు' అని ఆ సనద్ చెబుతుంది. 'ఇతనికి ఇంత ఇవ్వండి' అని ఎక్కడా చెప్పదు.

సనద్‌లు పెరిగితే

1990ల ఆఖరులో మన దగ్గర కంప్యూటర్ కోర్సుల తూఫాన్ వచ్చింది. వై2కే భయం, 1998లో సైబర్ టవర్స్, అమీర్‌పేట నిండా ఇన్‌స్టిట్యూట్ బోర్డులు. నెట్‌వర్క్ పనికి మైక్రోసాఫ్ట్ వారి ఎంసీఎస్ఈ ఉంటే దుబాయ్, రియాద్ దర్వాజాలు తెరుచుకుంటాయని నౌజవాన్ల నమ్మకం. పరీక్షలో వచ్చే సవాళ్లను జవాబులతో సహా బట్టీ పట్టించే 'డంప్స్' కూడా వచ్చాయి. సర్వర్ ముట్టుకోకుండానే పాసైనవాళ్లకు అమెరికాలోనే 'పేపర్ ఎంసీఎస్ఈ' అని పేరు పడింది. 2000, 2001లో డాట్‌కామ్ కంపెనీలు కూలినప్పుడు మాలిక్‌లు సనద్ పక్కన పెట్టి తజుర్బా అడగడం మొదలుపెట్టారు.

తర్వాత సనద్‌కు ఉమర్ కూడా వచ్చింది. 2011 నుంచి తీసుకున్న ఎ ప్లస్ మూడేళ్లే చెల్లుతుంది. ఆలోగా రెన్యూ చేసుకోవాలి. మైక్రోసాఫ్ట్ 2021 జనవరిలో ఎంసీఎస్ఈ పరీక్షలనే మూసేసింది.

ఇది మనకు కొత్త కాదు. 1880లలో నిజాం సర్కార్ దఫ్తర్లలో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. ఫార్సీలో ఆరితేరిన మున్షీల విలువ తగ్గింది. 1918లో ఉర్దూ మీడియంతో ఉస్మానియా తెరుచుకుంది. 1948 తర్వాత అక్కడా జబాన్ మారింది. ఇల్మ్ ఎక్కడికీ పోలేదు. దాన్ని అడిగే దఫ్తర్ పోయింది. ఎంసీఎస్ఈ కథ కూడా అంతే.

పని ఎవరి చేతిలో ఉంది?

ఇప్పుడు ఇంకో మార్పు. పెద్ద కంపెనీ తన కంప్యూటర్ల సంభాళింపు ఒక వెండర్‌కు ఇస్తుంది. ఆ వెండర్ ఇంకొకరికి ఇస్తాడు. పిల్లవాడు కూర్చునేది పెద్ద కంపెనీ గ్లాస్ బిల్డింగ్‌లో, తన్ఖా వచ్చేది మూడో చేతి నుంచి. చాలా సమస్యలు దూరం నుంచే, రిమోట్‌లో తీరిపోతున్నాయి. ఇక గల్ఫ్‌లో స్థానికులకు కొలువులు పెంచేందుకు సౌదీ 2011లో నితాఖాత్ తెచ్చింది. 2016లో మొబైల్ ఫోన్ల అమ్మకం, రిపేరు దుకాన్‌లను సౌదీలకే పరిమితం చేసింది. చేతిలో హునర్ ఉన్నా పరదేశీకి ఆ దర్వాజా బంద్.

అందుకే హైదరాబాద్‌లో డెస్క్‌టాప్ సపోర్ట్‌లో కొత్తగా చేరేవాళ్లకు వినిపించే ఆఫర్లు ఎక్కువగా నెలకు 15 వేల చుట్టూ తిరుగుతున్నాయి. ఆఫర్ లెటర్‌లో ఇంకో సీటీసీ ఉంటుంది. ఇది పార్క్‌లేన్ సీటీసీ కాదు. కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. బేసిక్‌లో 12 శాతం పీఎఫ్ కింద మన తన్ఖాలోంచి కట్ అవుతుంది. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కూడా తరచూ ఆ మొత్తంలోనే కలిపి చూపిస్తారు. కాబట్టి చేతికొచ్చేది ఎంతో విడిగా అడగండి. 2017 నుంచి నెలకు 21 వేల లోపు తన్ఖాకు ఈఎస్ఐ హద్దు. మన పిల్లవాడు దాని కిందికి వస్తే ఇంటిల్లిపాదికీ ఇలాజ్ హక్కు ఉంటుంది. ఆ కార్డు ఇచ్చారో లేదో చూడండి. ఎవరి పేరోల్, రాత్రి షిఫ్ట్ ఉందా, బైక్ పెట్రోల్ ఎవరిది, ఇవీ అడగాలి. గల్ఫ్ ఆఫర్ అయితే బేసిక్ ఎంత అన్నది మరీ ముఖ్యం. యూఏఈలో కొలువు వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్కేస్తారు.

కోర్సులో చేరే ముందు ఇంకో హిసాబ్ వేయండి. ఫీజును మొదటి తన్ఖాతో భాగించండి. నాలుగైదు నెలల తన్ఖా దాటితే గాజులు కుదువబెట్టే ముందు రుక్ జానా. తక్కువ ఫీజుకు నేర్పేచోటు వెదకండి, లేదా ఒక దుకాన్‌లో ఆర్నెల్లు షాగిర్ద్‌గా కూర్చోబెట్టండి.

మొదటి తన్ఖా చూసి దిల్ చిన్నబుచ్చుకోకండి. పిల్లవాడిని రోజూ సతాయించకండి కూడా. ఈ పనిలో తన్ఖా పెరిగేది రెండో మెట్టు మీద. నెట్‌వర్క్, లినక్స్, క్లౌడ్, సెక్యూరిటీ, ఫోన్‌లో తడబడకుండా ఇంగ్లిష్‌లో మాట్లాడడం. వీటిలో ఒక్కటైనా పట్టుకున్నవాళ్లు ముందుకు వెళ్తున్నారు. హెల్ప్‌డెస్క్ కొలువులకు మన ఆడపిల్లలకూ ఇదే రాస్తా ఉంది. ఆ చెనాయ్ ట్రేడ్ సెంటర్ షాగిర్దులకు సనద్ లేకున్నా పని దొరికింది, ఎందుకంటే చెడిపోయిన మెషీన్ వాళ్ల చేతిలో మళ్లీ నడిచేది. "తన్ఖా ఎంతొస్తది" అని అడిగే ముందు, ఇంట్లో మూలన పడున్న ఆ పాత కంప్యూటర్‌ను పిల్లవాడి ముందు పెట్టి చూడండి. బాగుచేస్తే ఫీజు దండగ కాలేదన్నట్టే.