ఒక రేకుపెట్టె చరిత్ర

స్ప్రింగునకు తూనికరాళ్ళు తగిలించి, అది ఎంత సాగినదో కొలుచుట హైస్కూలు విద్యార్థులు ఎరిగిన ప్రయోగమే. బలము రెట్టింపైనచో సాగుదలయు రెట్టింపగునని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను. స్థితిస్థాపక అవధి దాటనంతవరకే ఈ నియమము చెల్లును. స్ప్రింగు బలముతో పనిచేసిన ఒక చిన్న రేకుపెట్టె చరిత్రను ఇచట తెలిసికొందము.

1893లో జర్మనీలో హ్యూగో బోర్కార్ట్ ఒక స్వయంచాలక పిస్తోలును రూపొందించెను. తూటాల పెట్టెను, అనగా మాగజైనును, పిడిలోనే ఇముడ్చుట అందలి విశేషము. జార్జ్ లూగర్ దానిని సంస్కరించెను. లూగర్ పిస్తోలును స్విట్జర్లండు 1900లోను, జర్మన్ నౌకాదళము 1904లోను, జర్మన్ సైన్యము 1908లోను స్వీకరించినవి.

దీని మాగజైనులో 8 తూటాలు పట్టును. లోపల ఒక స్ప్రింగు, దానిపై తూటాలను మోయు పలక, పైన లోనికి వంగిన రెండంచులు కలవు. పై తూటా తొలగగనే స్ప్రింగు తక్కినవానిని పైకి నెట్టును. అంచులు తరువాతి తూటాను సరియైన స్థానమున నిలుపును. స్ప్రింగు సడలినను, అంచులు ఏమాత్రము వంకరపోయినను, ఎంతో నైపుణ్యముతో చేసిన పిస్తోలు మధ్యలో మొరాయించును.

తొలుత పలుచని ఉక్కురేకును మడచి, అంచులు కలిపి పెట్టె చేసి, అడుగున కొయ్యముక్క అమర్చెడివారు. కొయ్య తేమను పీల్చి పగులును. రేకు అతుకు విడును. కాలక్రమమున కొయ్యకు బదులు అల్యూమినియము వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధకాలము నాటికి అతుకులేని ఉక్కు పెట్టెలును వెలువడినవి. ఈ విధముగా లోహపు పనితనములోని ప్రగతి అంతయు ఈ చిన్న పెట్టెలో కనిపించును.

సైన్యపు పిస్తోలు సంఖ్యనే దాని మాగజైను అడుగునను ముద్రించెడివారు. అదనముగా ఇచ్చిన రెండవ మాగజైనుపై సంఖ్యతోపాటు కూడిక గుర్తు కూడ ఉండెడిది. కావున పగిలిన ఆ కొయ్యముక్కను పారవైచి క్రొత్తది బిగించినచో పెట్టె చక్కబడును గాని, అది ఏ పిస్తోలుకు చెందినదో తెలుపు సాక్ష్యము నశించును. అందుచేత పురాతన వస్తు సంరక్షకులు త్రుప్పు వ్యాపింపకుండ ఆపుదురు, తేమను దూరముగా నుంచుదురు, తీసివేయక తప్పని భాగమును సైతము పేరు వ్రాసి భద్రపరచుదురు.

యంత్రమును నడిపించుటకు చేయు మరమ్మతు వేరు. చరిత్రను నిలుపుటకు చేయు రక్షణ వేరు. మన పాఠశాల ప్రయోగశాలలోని పాత త్రాసును బాగుచేయు ముందైనను, మనకు కావలసినది ఈ రెండింటిలో ఏదియో ఆలోచించుట మంచిది.