జగిత్యాల సీమలో చట్టం నడచిన త్రోవ

కరీంనగరం సీమ పల్లెలలో వకీలు, ముద్దాయి, జమానతు, ఫైసలా అనే మాటలకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు నిజాం ఏలుబడిలో ఉన్న కాలంలో అదాలతు భాష ఉర్దూ. తెలుగు తప్ప వేరొకటి ఎరుగని రైతు తనకు పడిన శిక్ష ఎంతయో వకీలు నోట వినవలసినదే. వకీలును పెట్టుకొనలేని వాడు బంట్రోతు ముఖం చూచి ఊహించుకొనవలసినదే. 1921లో ఆ ప్రభుత్వం న్యాయశాఖను పరిపాలనాధికారం నుండి వేరుచేసినది. బ్రిటిషు ఇండియాలో సైతం అప్పటికి అరుదైన ఏర్పాటు అది; ఆ మెప్పు దానికి దక్కవలసినదే. అయినా దొరగడీ ముందు జరిగే పంచాయితీకి ఆ ఫర్మానాతో పని లేకపోయినది.

1951 ఏప్రిల్ 1 నుండి భారత శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రానికి వర్తించినది. ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చినది. రైతుకు రెండూ ఒకటే.

ఇంటి వ్యవహారాలకు మాత్రం జనం కోర్టుకు పోయినది తక్కువ. ఆలుమగల తగవు వచ్చినపుడు కులపెద్దలు కూర్చుండి, తప్పు వేసి, విడదీయుటయో కలుపుటయో చేసేవారు. విడిపోయిన స్త్రీకి మారుమనువు పెక్కు కులాలలో ఆచారమే. 1955 నాటి హిందూ వివాహ చట్టం దీనిని త్రోసివేసినదని పలువురు తలచెదరు. అది సరికాదు. ఆచారం వల్ల సిద్ధించిన విడాకుల హక్కుకు భంగం లేదని 29వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. అయితే అట్టి ఆచారం ఉన్నదని రుజువు చేయవలసిన భారం, దానిని చెప్పుకొన్న వారిదే.

వివాహము, వారసత్వము, నేరము రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలోనివి. కనుక రాష్ట్ర శాసనసభకు వీటిపై చేయి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేసినది. 1961లో పార్లమెంటు దేశమంతటికీ ఒకటి చేసి దీనిని రద్దుపరచినది. కట్నం మాత్రం రద్దు కాలేదనుట శ్రోతలు ఎరిగినదే. ఇంతకంటె గట్టి అడుగు నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నపుడు పడినది. 1956 చట్టం ప్రకారం కూతురికి ఉమ్మడి ఆస్తిలో తండ్రి వాటాలోనే భాగం. 1985 సెప్టెంబరు 5 నుండి ఆమె కొడుకుతో సమానముగా పుట్టుకతోనే హక్కుదారు అయినది. కాని అప్పటికే పెండ్లయిన కుమార్తెకు ఇది వర్తించలేదు. ఒకే ఇంట 4వ తేదీన పెండ్లయిన అక్కకు లేని హక్కు, 6వ తేదీన పెండ్లయిన చెల్లెలికి కలిగినది! ఈ వింత భేదం 2005లో కేంద్ర సవరణతో తొలగినది.

ఇక బోనులోని ముద్దాయి మాట. తెలంగాణ రైతాంగ పోరాటంలో పట్టుబడిన నల్లగొండ జిల్లావారికి ప్రత్యేక ట్రిబ్యునళ్లు 1949లో ఉరిశిక్షలు విధించినవి. విచారణలో తమ పక్షాన న్యాయవాది లేడని వారు మొరపెట్టుకొనగా, లండను నుండి డి. ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించినాడు. హైదరాబాదు హైకోర్టు తీర్పు రాజ్యాంగం అమలుకు ముందటిది గనుక అప్పీలు చెల్లదన్నారు. వకీలు లేడన్న వాదమూ 1951లో నిలువలేదు. ఉరి తప్పి యావజ్జీవ శిక్షగా మారుట పిదప జరిగినది.

ఇరువది ఏడేండ్ల తరువాత మన తాలూకాల వంతు వచ్చినది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగినది. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినది. దానికి ఆధారం 1948లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం. దాని ప్రకారం సబ్-ఇన్‌స్పెక్టరు సైతం హెచ్చరించి, ప్రాణం పోవునట్లుగా కాల్పులు జరుపవచ్చును. అరెస్టు కారణం తెలుసుకొనుట, వకీలును సంప్రదించుట, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుటికి పోవుట, ఈ 22వ అధికరణపు హక్కులను ఆ ప్రకటన రద్దుచేయలేదు. చేయజాలదు కూడ. కాని హక్కు ఉన్నదని ఎరుగనివాడు దానిని అడుగునా?

ఇల్లు, నేరం రెండూ కలిసేచోటు ఒకటి ఉన్నది: మనోవర్తి. పోషింపని భర్తపై భార్య క్రిమినలు కోర్టుకే పోవును. 1955లో నెలకు 500 రూపాయలుగా ఏర్పడిన పరిమితి 2001 దాకా కదలలేదు. అయితే 1973 నాటి స్మృతి ఒక మేలు చేసినది: భార్య తాను నివసించే చోటనే దావా వేయవచ్చును. కోరుట్లలో బీడీలు చుట్టి పిల్లలను సాకే ఇల్లాలికి, భర్త దుబాయిలో ఉన్నపుడు, ఇది చిన్న విషయం కాదు. సమను అందించుట వేరు కష్టం.

2024 జూలై 1 నుండి ఆ 125వ సెక్షను 144 అయినది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకిని, నిర్బంధంలో ఉన్నవారికిని రాబడితో నిమిత్తం లేకుండ ఉచిత న్యాయవాది లభించును. అడుగవలసిన చోటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ.